వేషం చిన్నదైనప్పుడు

ఈ ఉదయం ఒక పాత హాలీవుడ్ నటుని గూర్చి మాట్లాడబోతున్నాను. ఆయన పేరు హెచ్.బి. వార్నర్. మీలో చాలామంది ఈ పేరు విని ఉండరు. లండన్‌లో పుట్టి, అమెరికా వెళ్లి, సినిమాల్లో స్థిరపడినవాడు.

1927లో సెసిల్ బి. డెమిల్ అనే దర్శకుడు ‘ది కింగ్ ఆఫ్ కింగ్స్’ అనే మూకీ చిత్రం తీశాడు. అందులో ప్రభువు వేషం వార్నర్‌ది. అప్పటికి ఆయనకు యాభై ఏండ్లు. ఆ చిత్రంలో ఒక గ్రుడ్డి చిన్నపిల్లకు చూపు వస్తుంది. ఆమె కళ్లు తెరవగానే కనబడేది ప్రభువు ముఖం. మనకు కూడా ఆ ముఖం అప్పుడే కనబడుతుంది. ఆ చిత్రాన్ని సంఘాలు, మిషనరీలు ఎన్నో దేశాల్లో ఏండ్ల తరబడి చూపించారు.

మరి ఆ తరువాత? అంతకన్నా పెద్ద వేషం ఇంకేముంది? వార్నర్‌కు తరువాత దొరికినవి ఎక్కువగా చిన్న వేషాలే. ఒకచోట జడ్జి, ఒకచోట సెనేటరు. 1937లో వచ్చిన ‘లాస్ట్ హొరైజన్’ చిత్రానికి సహాయ నటుడిగా ఆస్కార్ బహుమతికి ఆయన పేరు వెళ్లింది. బహుమతి మాత్రం జోసెఫ్ షిల్డ్‌క్రాట్‌కు వచ్చింది. ఆయనెవరో తెలుసా? పదేండ్ల క్రితం అదే ‘కింగ్ ఆఫ్ కింగ్స్’లో ఇస్కరియోతు యూదా వేషం వేసినవాడు! లోకపు మెప్పు ఇలాగే ఉంటుంది ప్రియులారా. దాని మీద ఆశపెట్టుకుంటే సిగ్గుపడవలసిందే.

1946లో ‘ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్’ అనే చిత్రం వచ్చింది. అందులో వార్నర్ గోవర్ అనే మందుల షాపు యజమాని. కొడుకు ఇన్‌ఫ్లుయెంజాతో చనిపోయాడని టెలిగ్రాం వస్తుంది. దుఃఖంతో త్రాగి, ఆ మత్తులో మందు బదులు విషం కలిపి, ఒక రోగి ఇంటికి పంపుతాడు. షాపులో పనిచేసే కుర్రవాడు అది గమనించి ఇవ్వకుండా తిరిగి వస్తాడు. గోవర్ వానిని చెవి నుండి రక్తం కారేలా కొడతాడు. తరువాత ఆ పొడి నాలుకకు తగిలించి చూచి, తాను చేసినది గ్రహించి, మోకాళ్లూని ఆ పిల్లవాణ్ణి కౌగలించుకొని ఏడుస్తాడు.

ఒకనాడు ప్రభువు వేషం వేసినవాడు ఇప్పుడు క్షమాపణ కావలసిన పాపిగా మోకరించాడు. సహోదరులారా, మన స్థానం అదే. వాక్యం చెప్పినా, బల్ల దగ్గర నిలబడినా, మనం క్షమింపబడిన గోవర్‌లమే.

మన సంఘాల్లో ఒకప్పుడు సెక్రటరీగా, ట్రెజరరుగా, సండేస్కూలు సూపరింటెండెంటుగా ఉన్నవారున్నారు. పదవి పోగానే కొందరు ఆరాధనకు రావడం మానేస్తారు. కొందరు గొడవకే వస్తారు. బోధ కోసం చీలిన సంఘాలు కొన్ని, ముందు కుర్చీ కోసం చీలినవి ఎన్ని! నిజమైన ప్రభువైతే తనంతట తానే తువాలు కట్టుకొని శిష్యుల కాళ్లు కడిగాడు. ఆయనకు లేని బిడియం మనకెందుకు?

1956లో డెమిల్ ‘టెన్ కమాండ్‌మెంట్స్’ తీసినప్పుడు వార్నర్‌కు సుమారు ఎనభై ఏండ్లు. వేషం అమ్మీనాదాబు. ఐగుప్తు విడిచి వెళ్లే ప్రజల్లో ఒకరు చేతులమీద ఎత్తుకొని మోస్తున్న, చావుకు దగ్గరైన వృద్ధుడు. కొన్ని క్షణాలే కనబడతాడు. బలమంతా నీళ్లవలె ఒలికిపోయిందని ఆయన పలికే మాట 22వ కీర్తనలోనిది. సిలువ మీద మన ప్రభువు ఎత్తిపట్టిన కీర్తన అదే. ముప్పై ఏండ్ల క్రితం సిలువ మోసినట్టు నటించినవాడు, ఇప్పుడు ఒకరి చేతుల్లో మోయబడుతూ ఆ కీర్తన పలికాడు. 1958లో ఆయన కన్నుమూశాడు.

నీ పని చిన్నదైపోయిందని దిగులుపడుతున్న సహోదరీ, సహోదరుడా, వెనుక బెంచీలో కూర్చున్నా ప్రభువు నిన్ను చూస్తున్నాడు. ఈ ఆదివారం నీ చోట నీవు కూర్చో. ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.