సాఫ్ట్‌వేర్ రంగమున రాయబారము

ఒక కంపెనీ నిర్మించిన సాధనము నాధారముగా గొని బయటి ప్రోగ్రామర్లు తమ వస్తువులను నిర్మించుకొందురు. ఈ ఇరుపక్షముల నడుమ తిరుగు ఉద్యోగమునకు ‘డెవలపర్ రిలేషన్స్’ అని పేరు. దీనికి తెలుగున స్థిరపడిన మాట లేదు. రాయబారమన్నచో పెద్ద తప్పుండదు. కొన్ని సంవత్సరములుగా నాది ఈ పనియే.

ఆపిల్ కంపెనీ 1984 జనవరిలో మెకింటాష్ కంప్యూటరును వెలువరించినది. యంత్రమెంత చక్కనిదైనను దానిపై నడచు ప్రోగ్రాములు లేనిచో కొనువారుండరు. వానిని వ్రాయుటకు బయటివారిని ఒప్పించుటకై మైక్ బోయిచ్, గై కవాసాకీ మొదలగువారు తిరిగిరి. వారికి ‘ఎవాంజెలిస్టు’లని పేరు. మతప్రచారకులకు చెందిన ఆ బిరుదు నాకంతగా రుచింపదు. ప్రచారకుడు చెప్పుటకు పోవును. రాయబారి విని కూడ రావలెను గదా!

క్రొత్తవాడు మా సాధనమును వాడబూనినపుడు నేనతని ప్రక్కన కూర్చుండి, నోరు మెదపక చూతును. ఎచ్చట ఆగినాడో, ఏ పుటను రెండుమార్లు చదివినాడో వ్రాసికొందును. మేము అచ్చువేసిన ఉదాహరణ పాతబడి నడవకపోవచ్చును. పాపమతడు తనకే తెలివి చాలదనుకొనును. ఆ చిక్కును మా ఇంజనీర్లకు చెప్పి, సరిచేయువరకు వెంటబడుట పది ఉపన్యాసముల పెట్టు. కాని సభకు వచ్చిన తలలను లెక్కించుట సులభము. విసిగి వెళ్లిపోకుండ నిలిచినవారిని లెక్కించుట కష్టము. కంపెనీలు మొదటి లెక్కనే అడుగుచుండును.

నమ్మకము చెడు తీరు తెలియవలెనన్న ట్విట్టర్ చరిత్ర చూడవచ్చును. 2006లో అది బయటి ప్రోగ్రాములకు ద్వారము తెరచినది. ఇట్టి ద్వారమునే ఎ.పి.ఐ. అందురు. ఫోను తెరను వ్రేలితో క్రిందికి లాగి క్రొత్త సందేశములు రప్పించు పద్ధతి ‘ట్వీటీ’ అను బయటి ప్రోగ్రాముతో వచ్చినది. 2010లో ట్విట్టర్ దానిని కొన్నది. మరుసటి ఏడే, అట్టివి ఇక చేయవలదని ప్రోగ్రామర్లకు హితవు చెప్పినది. 2012లో క్రొత్తవానికి ప్రత్యేకానుమతి లేనిదే లక్షమంది వాడుకదారులే హద్దన్నది. 2023 జనవరిలో మిగిలినవానికి ద్వారము మూసినది. ముందుగా ఒక్క మాటయైన చెప్పలేదు.

ధృతరాష్ట్రుడు సంజయుని పాండవుల యొద్దకు పంపినపుడు మంచిమాటలు మూటగట్టి యిచ్చెనే గాని ఒక్క ఊరినైన ఇయ్యలేదు. అట్టి రాయబారము నాకును ఒకమారు తటస్థించినది. తమ సాధనము ఉచితమని హైదరాబాదు సభలో చాటుమని పైయధికారి ఆజ్ఞ. ఎంతకాలము ఉచితమని అడిగితిని. సమాధానము లేదు. అట్లయిన తెలియదనియే చెప్పెదనంటిని. ఆయన మొగము ముడుచుకొనెను.

సభలో ఒక యువకుడు లేచి ఆ ప్రశ్ననే అడిగెను. ఉద్యోగము విడిచి, ఇద్దరు మిత్రులతో మా సాధనముపై చిన్న వ్యాపారము మొదలిడనున్నాడట. తెలియదని చెప్పితిని. అతడు మా సాధనమును విడువలేదు. కాని మరొక సంస్థ సాధనముతో గూడ నడచునట్లు తన ప్రోగ్రామును మార్చి వ్రాసికొన్నాడు.