వాడు తిరిగొచ్చే రోజు



మీలాంటి న్యాయశాస్త్ర, సామాజిక సేవ విద్యార్థులు పట్టాలు అందుకునే రోజున పెద్ద పెద్ద కలల గురించి మాట్లాడమంటారు. నేను మాత్రం బెయిలు కాగితం గురించి మాట్లాడతానండి. కాస్త ఓర్చుకోండి.

ఈ రాజమహేంద్రవరంలో సెంట్రల్ జైలుంది. రాష్ట్రంలో మొట్టమొదటి దిశ పోలీసు స్టేషను తెరిచిందీ ఇక్కడే, 2020 ఫిబ్రవరి 8న. అంతకు రెండు నెలల ముందు, ఆడవాళ్ల మీద నేరాలకు సంబంధించిన దిశ బిల్లును శాసనసభ ఆమోదించింది. ఏడు రోజుల్లో దర్యాప్తు, పద్నాలుగు రోజుల్లో విచారణ, మొత్తం 21 రోజుల్లో తీర్పు. రాష్ట్రపతి ఆమోదం రాక అది చట్టం కాలేదు, అది వేరే కథ. ఆ 21 రోజుల మీద టీవీల్లో గంటలకు గంటలు చర్చించుకున్నాం. నిందితుడు బెయిలు మీద వచ్చే రోజు గురించీ, శిక్ష ముగించుకుని ఊరికి చేరే రోజు గురించీ మాట్లాడినవాళ్లు నాకు కనిపించలేదు.

కోనసీమలో ఒక పల్లె అనుకోండి. తల్లి కువైట్‌లో ఇంటిపనికి వెళ్లింది. గోదావరి డెల్టాలో అలాంటి ఇళ్ల గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. పద్నాలుగేళ్ల పిల్ల అమ్మమ్మ దగ్గర ఉంటుంది. పాడుపని చేసినవాడు రెండిళ్ల అవతలివాడు, వరసకు మావయ్య. పెద్దమనుషులు రాజీ అన్నారు, పరువన్నారు, ఇంత డబ్బిప్పిస్తామన్నారు. అమ్మమ్మ వినలేదు, కేసు పెట్టింది. వాణ్ణి తీసుకెళ్లారు. కొన్ని నెలలకు బెయిలొచ్చింది. ఆ సంగతి పిల్లకి ఎలా తెలిసింది? బడికి వెళ్తుంటే కాలవగట్టు మీద వాడే ఎదురొచ్చాడు. వారం తిరక్కుండా పిల్లని దూరంగా హాస్టల్లో వేశారు. వాడు ఊళ్లోనే ఉన్నాడు. ఊరు వదిలేది ఎప్పుడూ పిల్లే.

ఇది నేను కల్పించి చెప్పినదే. కానీ అత్యాచారం కేసుల్లో నూటికి తొంభైకి పైగా నిందితులు బాధితులకు తెలిసినవాళ్లేనని జాతీయ నేర గణాంకాలు ఏటా చెబుతున్నాయి. బంధువు, పొరుగువాడు, స్నేహితుడు. పొదలమాటున దాక్కున్న అపరిచితుడి కోసం కట్టిన నిఘా ఈ పిల్లకి అక్కరకు రాదు.

మన నిఘా ఎలా ఉంటుందో చూడండి. బెయిలొచ్చినవాణ్ణి వారానికోసారి స్టేషనుకొచ్చి సంతకం పెట్టమంటారు. పెడతాడు. రిజిస్టరు నిండుతుంది. పిల్ల బడికి వెళ్తోందా, రాత్రి నిద్రపోతోందా, వాడి తరఫువాళ్లు ఇంటికొచ్చి సాక్ష్యం మార్చుకోమన్నారా అన్నది ఏ రిజిస్టర్లోనూ ఉండదు. నన్నడిగితే ఆ పిల్ల హాజరుపట్టీ వాడి సంతకం కంటే నమ్మదగిన లెక్క.

చట్టంలో లోటు మనం అనుకున్నంత లేదు. పిల్లల మీద లైంగిక నేరాలకు వర్తించే పోక్సో చట్టం కింద 2020లో వచ్చిన నిబంధనలు నిందితుడి బెయిలు, విడుదల సంగతులు పిల్లకి, పిల్ల తరఫువాళ్లకి తెలపాలని రాశాయి. మధ్యప్రదేశ్‌లో ఒక నిందితుణ్ణి బాధితురాలి ఇంటికెళ్లి రాఖీ కట్టించుకోమని బెయిలిచ్చిన ఉత్తర్వును 2021 మార్చిలో అపర్ణా భట్ కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. బెయిలు షరతులేవీ ఇద్దరినీ ఎదురుపడేట్టు చేయకూడదంది, ఉత్తర్వు ప్రతిని రెండు రోజుల్లో ఫిర్యాదుదారుకి అందించాలంది. అన్నీ ఉన్నాయి. మరి ఆ అమ్మమ్మకి ఫోను చేసేది ఎవరు? కోర్టు గుమస్తా పోలీసులు చెబుతారనుకుంటాడు. పోలీసులు, కేసులో పిల్లకి తోడుండే సపోర్ట్ పర్సన్ ఉందిగా అంటారు. సపోర్ట్ పర్సన్‌కి బెయిలొచ్చిందన్న కబురే అందదు.

అందుకే నలుగురూ ఒక బల్ల చుట్టూ కూర్చోవాలంటాను. అమెరికాలో కొలరాడో రాష్ట్రంలో 1990ల నుంచీ ఇలాంటి పద్ధతి నడుస్తోంది. ప్రొబేషన్ అధికారి, చికిత్స చేసేవారు, బాధితుల తరఫువారు ఒకరికి తెలిసింది ఒకరికి చెప్పుకుంటారు. మనకి కొత్త మనుషులు అక్కర్లేదు. 2019 నుంచీ గ్రామ, వార్డు సచివాలయాల్లో మహిళా పోలీసులున్నారు. ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచరు ఉన్నారు. బాలల సంక్షేమ కమిటీ, జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉన్నాయి. వాడి పేరు తెలిసినవాళ్లు ఒక దగ్గర, ఆమె భయం తెలిసినవాళ్లు మరో దగ్గర ఉన్నారు, అంతే.

ఈ మాట అనగానే, వాడి ఫొటో ఊరి గోడకి అంటించమంటారు కొందరు. కేంద్రం 2018 సెప్టెంబరులో లైంగిక నేరస్తుల జాతీయ సమాచారనిధి మొదలుపెట్టి, దాన్ని పోలీసులకే పరిమితం చేసింది. మంచి పని చేసింది. వరసకు మావయ్య అయినవాడి పేరు గోడెక్కితే ఆ పక్కనే పిల్ల పేరు కూడా ఎక్కినట్టే, పల్లెలో విడమరచి రాయక్కర్లేదు.

మరో మాట మీలో కొందరికి నచ్చకపోవచ్చు. శిక్ష ముగిసినవాడికి పని, తలదాచుకునే చోటు ఉండాలి, కానీ ఆమెకు దూరంగా. కెనడాలోని హామిల్టన్‌లో 1994లో ఊరంతా వద్దన్న ఒక నేరస్తుడి చుట్టూ కొందరు స్వచ్ఛంద కార్యకర్తలు చేరారు. రోజూ పలకరించారు, తప్పటడుగు వేయబోతే నిలదీశారు. ఆ పద్ధతి తర్వాత ఇతర దేశాలకూ పాకింది. వాడి మీద జాలితో చెప్పడం లేదు. ఎవరూ పట్టించుకోనివాణ్ణి ఎవరూ చూడరు కూడా.

ఇలా పట్టించుకోవడం కంటే మనకి పూలంటే మహా ఇష్టం. 2019 డిసెంబరులో హైదరాబాదు దగ్గర దిశ కేసులో నలుగురు నిందితుల్ని కాల్చి చంపినప్పుడు పోలీసుల మీద పూలు చల్లాం. చంపాలనే కాల్చారని సుప్రీంకోర్టు నియమించిన సిర్పుర్కర్ కమిషన్ తర్వాత తేల్చింది. 2022 ఆగస్టు 15న గుజరాత్‌లో బిల్కిస్ బానో సామూహిక అత్యాచారం కేసు దోషులు పదకొండుగురు బయటికొస్తే వాళ్లకీ దండలు వేశారు. తన భద్రత గురించి తనని ఎవరూ అడగలేదని ఆమె వాపోయింది. 2024 జనవరి 8న సుప్రీంకోర్టు ఆ విడుదలను రద్దు చేసింది.

మీలో కొందరు ప్రాసిక్యూటర్లవుతారు. బెయిలును వ్యతిరేకించి ఊరుకోకండి. బెయిలిచ్చేట్టయితే వాడు ఆ మండలంలో అడుగుపెట్టకూడదన్న షరతు అడగండి, పిల్లని అడిగాకే అడగండి. ఏ దారిన బడికెళ్తుందో ఆమెకే తెలుసు. కొందరు సపోర్ట్ పర్సన్లవుతారు. జైలుకీ కోర్టుకీ మీ ఫోను నంబరు రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. ఉత్తర్వు ఇంగ్లీషులో ఉంటుంది కాబట్టి అమ్మమ్మ పక్కన కూర్చుని తెలుగులో చదివి వినిపించండి. తీర్పు వచ్చాక కేసు ముగిసిందని ఫైలు కట్టేసేవాళ్లు చాలామంది ఉంటారు. వాడి విడుదల తేదీ మాత్రం మీ డైరీలో రాసుకోండి, ఎన్నేళ్ల తర్వాతిదైనా సరే.

ఇక కానివ్వండి. ఎండెక్కకముందే పట్టాలు పంచాలని రిజిస్ట్రారుగారు ఇందాకటి నుంచీ గడియారం వైపు చూస్తున్నారు.