సొంత ఇంటికి సొంత మేస్త్రీ

ఇల్లు కట్టి చూడుమన్న పెద్దలు, కట్టిన ఇంటిని మార్చి చూడుమని ప్రత్యేకించి చెప్పలేదు. చెప్పవలసిన అవసరము లేకపోయినది కాబోలు. వంటయింటి గోడ తీసి హాలులో కలుపుకొనుట, పెరటివైపు ఒక గది దించుకొనుట మనకు కొత్త కాదు. మేస్త్రీని పిలిపింతుము, బేరము కుదుర్చుకొందుము, ఇసుక, సిమెంటు మనమే తోలింతుము. ఇంటి పెద్ద పొద్దున్నే కుర్చీ వేసికొని కూర్చుండి పని చేయించును. దగ్గర ఉండి చేయించిన పనియే పని యని మన గట్టి నమ్మకము.

ఈ నమ్మకమును వెంటబెట్టుకొని, పిల్లల కాపురము చూచుటకై ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరమునకు వెళ్లు తలిదండ్రులు నేడు మనలో అనేకులు. అక్కడ కొడుకు, "నాన్నగారూ, ఆ గది పెంచాలంటే ముందు నేను పర్మిట్ తీసుకోవాలి, దానికంటె ముందు పాఠాలు చదవాలి" అనినచో మొదట పరిహాసమనుకొందురు. అది పరిహాసము కాదు.

సిడ్నీ నగరము న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రములోనిది. ఆ రాష్ట్రపు 1989 నాటి గృహనిర్మాణ చట్టము ఇండ్లు కట్టు వృత్తికి లైసెన్సు ఉండవలెనన్నది. లైసెన్సు గల బిల్డరుకు పని అప్పగింపక, యజమాని తానే ఆ బాధ్యత వహింపదలచినచో ఆయనను ఓనర్ బిల్డర్ అందురు. నిర్మాణానుమతి అవసరమైన పని 10,000 డాలర్ల విలువ మించినచో ఆయన పర్మిట్ తీసికొనవలెను. ఈ విలువను లెక్కించుటలో ఒక చమత్కారమున్నది. చేతినుండి వెళ్లిన సొమ్ము కాదు లెక్క, బజారు ధర. మామగారు ఉచితముగా గోడ కట్టినను, బావమరిది సెలవురోజున పలకలు పరచినను, ఆ కూలి బజారులో ఎంత యగునో అంతయు కలుపవలెను. చుట్టముల చాకిరికి వెల కట్టు ఆచారము మన ఇండ్లలో లేదు గనుక ఈ నియమము మనవారికి తొందరగా బోధపడదు.

పర్మిట్ కోరువారికి ఆ స్థలములో హక్కు ఉండవలెను. ఆ ఇంట కాపురముండవలెను. సాధారణముగా వెనుకటి అయిదేండ్లలో వేరొక స్థలమునకు పర్మిట్ పొంది ఉండరాదు. ఇల్లు వెంట ఇల్లు కట్టి అమ్ముకొనువాడు యజమాని వేషములో లైసెన్సు తప్పించుకొనకుండ పెట్టిన కట్టుబాటు ఇది. మా దృష్టిలో న్యాయమైనదే. పని విలువ 20,000 డాలర్లు దాటినచో నిర్ణీత పాఠములు పూర్తి చేయవలెను. పనిస్థలపు భద్రతను గూర్చి శిక్షణ పొంది వైట్ కార్డు తీసికొనవలెను. ఇంటి నమూనాకు పొందు అనుమతి వేరు; ఈ పర్మిట్ దానికి బదులు కాదు. క్వీన్స్‌లాండ్, విక్టోరియా రాష్ట్రముల నియమములు, అంకెలు వేరు.

మన తెలంగాణలో 2020 నాటి చట్టము 75 చదరపు గజముల లోపు స్థలములో కట్టు చిన్న ఇంటికి అనుమతియే అక్కరలేదు, నమోదు చాలునన్నది. మన చట్టము ముఖ్యముగా స్థలమెంత, ఎత్తెంత యని అడుగును. అక్కడి చట్టము వానితోపాటు, కట్టువాడెవడు, వానికి పని తెలియునా యని కూడ అడుగును.

ఈ ప్రశ్న వెనుక ప్రాణములున్నవి. సిడ్నీలో పాత ఇండ్ల గోడలకు, చూరులకు "ఫైబ్రో" అను పలుచని రేకులు కొట్టియుండుట సాధారణము. అవి మన పాకల మీద, కోళ్లఫారముల మీద కనుపించు సిమెంటు రేకులకు దగ్గర చుట్టములు, వానిలోనిది ఆస్బెస్టాస్. రేకు కదలక యున్నంతవరకు అపాయము తక్కువ. సుత్తితో కొట్టినను, రంపముతో కోసినను కంటికి కనబడని నూలు గాలిలో లేచి ఊపిరితిత్తులలో దిగును. జబ్బు బయటపడునది ముప్పది, నలువది ఏండ్ల తరువాత. ఆ దేశము 2003 డిసెంబరు 31 నుండి ఆస్బెస్టాస్‌ను పూర్తిగా నిషేధించినది. అయినను 1990కి ముందు కట్టిన ఇండ్లలో అది ఉండవచ్చును. పది చదరపు మీటర్లకు మించిన రేకులను లైసెన్సు గలవారే తీయవలెను. పొడిగా రాలు స్థితిలోనున్నచో కొంచెమైనను అంతే. గోడ పగులగొట్టుట ఎంత సేపని సుత్తి పుచ్చుకొను తాతగారికిని, ఆ ప్రక్కనే ఆడుకొను మనుమనికిని ఈ సంగతి ముందే తెలిసియుండవలెను.

కరెంటు పని, నీటి గొట్టముల పని ఎంత చిన్నదైనను లైసెన్సు గలవారిదే. ఇతర పనులకు 5,000 డాలర్లకు మించి పిలిచిన ప్రతి పనివానికి లైసెన్సు ఉండవలెను.

ఇక సొమ్ము మాట. బిల్డరు చనిపోయినను, మాయమైనను, దివాలా తీసినను యజమానిని ఆదుకొను భీమా ఒకటి అక్కడ ఉన్నది. 20,000 డాలర్లకు మించిన ఒప్పందమునకు బిల్డరు దానిని తీయవలెను. ఓనర్ బిల్డరు తన పనికి అట్టి భీమా తీయుటకు 2015 జనవరి నుండి వీలులేదు. పైగా పర్మిట్ పుచ్చుకొన్న ఏడున్నర ఏండ్లలోపల ఇల్లు అమ్మినచో, ఆ సంగతి తెలుపు హెచ్చరిక విక్రయపత్రములో ఉండవలెను. లేనిచో కొనువాడు స్వాధీనమునకు ముందే బేరము రద్దు చేసికొనవచ్చును. పెద్ద లోపములకు ఆరేండ్లు, చిన్నవానికి రెండేండ్లు జవాబుదారీ కూడ ఉన్నది. బిల్డరు లాభమును మిగుల్చుకొనుటకై ఈ దారి పట్టువారు ఇంతటి భారమును కూడ ఆ లాభములో నుండి తీసివేసి చూచుకొనవలెను. కొందరికి అప్పటికిని గిట్టును. ఉద్యోగమునకు సెలవు దొరకనివారికి గిట్టదు.

కుర్చీ వేసికొని కూర్చుండు పెద్దలకు అక్కడ పని లేకపోలేదు. ప్రతి పనివాని లైసెన్సు సంఖ్యను ప్రభుత్వ పట్టికలో ఎవరైనను ఉచితముగా చూచుకొనవచ్చును. వచ్చినవాని పేరు, సంఖ్య, గడువు తేది నోటుపుస్తకములో వ్రాసికొని, ఆ తరువాతనే వాకిలి తీయవచ్చును.