బట్టీ వేడిని కొలిచేవారు మన వేడినీ కొలవాలి
(ధర్మపురి సభ్యుల సమావేశంలో యూనియన్ కార్యదర్శి ప్రసంగ పాఠం)



మన పిల్లలు కొందరు నూలుమిల్లు పని వద్దని హోసూరు, సేలం వైపు ఇనుప పోతపనికి పోతున్నారు. అలా పోబోతున్న కుర్రవాడొకడు యూనియన్ ఆఫీసుకు వచ్చి, "బట్టీలో ఎంత వేడి ఉంటుంది పెదనాయనా?" అని అడిగాడు. ఏ లోహం, ఏ పని అన్నదాన్ని బట్టి ఉంటుందని చెప్పాం. ఆ సంగతే ఈరోజు అందరికీ చెప్పదలిచాం.

నీళ్లు 100 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర మరుగుతాయి. సీసం 327, అల్యూమినియం 660, రాగి 1085, స్వచ్ఛమైన ఇనుము 1538 డిగ్రీల దగ్గర కరుగుతాయి. బొగ్గు ఎక్కువగా కలిసిన పోత ఇనుము సుమారు 1150 నుండే కరగడం మొదలుపెడుతుంది. అయితే కరిగితే చాలదు, అచ్చులో పోసేదాకా గడ్డకట్టకూడదు. అందుకే పోత ఇనుమును 1400 డిగ్రీల ప్రాంతంలో, ఉక్కును 1600 ప్రాంతంలో ఉంచుతారు. విశాఖ ఉక్కు కర్మాగారంలో 1990లో వెలిగించిన 'గోదావరి' వంటి బ్లాస్ట్ ఫర్నేసులో, వేడిగాలి ఊదే చోట 2000 డిగ్రీలు దాటుతుంది.

కరిగించని బట్టీలూ ఉన్నాయి. మన రింగు ఫ్రేములో ట్రావెలర్ పరుగెత్తే ఉక్కు రింగు అలాంటి బట్టీలోనే గట్టిపడింది. ఉక్కును సుమారు 800 - 900 డిగ్రీలకు కాల్చి నూనెలో ముంచుతారు. వేడి తక్కువైతే మెత్తగా ఉండి అరిగిపోతుంది, హద్దు మీరితే పెళుసెక్కుతుంది. పరీక్షశాలల్లో వాడే చిన్న కరెంటు బట్టీలు మామూలుగా 1100, 1200 డిగ్రీల దాకా పోతాయి.

ఈ విద్య మనకు కొత్త కాదు. మన పక్క కృష్ణగిరి జిల్లా మయిలాడుంపారైలో ఇనుము దొరికిన పొర క్రీస్తుపూర్వం 2172 నాటిదని 2022లో తమిళనాడు ప్రభుత్వం ప్రకటించింది. సేలం సీమలోనూ, తెలంగాణలో నిజామాబాదు వైపు కోనసముద్రంలోనూ మట్టిమూసల్లో ఉక్కు చేశారు. కోనసముద్రం ఉక్కు కోసం పారశీక వర్తకులు వచ్చేవారు. ఆ పనివాళ్ల దగ్గర థర్మామీటరు లేదు. తిత్తులు ఊదుతూ ముదురు ఎరుపు, నారింజ, పసుపు, తెలుపు అని మంట రంగు చూసి వేడిని పట్టేవారు. ఆ కొలత వాళ్ల కంటిలో ఉండేది.

ఇప్పుడు ఆ కొలత యంత్రానికి పోయింది. బట్టీలో థర్మోకపుల్ పెట్టి డిగ్రీ డిగ్రీకీ లెక్క రాస్తారు. ఎందుకు? లోహం చెడితే నష్టం కనుక. మరి బట్టీ ముందు నిలబడ్డ మనిషి దగ్గర వేడి ఎంత? ఆ లెక్క ఏ పుస్తకంలో రాస్తున్నారు?

మన మిల్లులోనూ ఇదే తీరు. నూలు తెగకూడదని గాలికి తేమ పట్టిస్తారు. పొడి బల్బు, తడి బల్బు గోడకు వేలాడుతుంటాయి. నూలుకు ఎంత తేమ కావాలో చూసేవారు, అదే తేమలో మన చెమట ఆరడం లేదని చూడరు. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. తడి బల్బు 35 డిగ్రీలకు చేరితే ఎంత బలవంతుడికైనా ఒళ్లు చల్లబడే దారి మూసుకుపోతుంది. అంతకు చాలా ముందే పనిచేసే మనిషికి ప్రమాదం మొదలవుతుంది.

1948 ఫ్యాక్టరీల చట్టం 13వ సెక్షన్ గాలి, వేడి గురించీ, 15వ సెక్షన్ కృత్రిమ తేమ గురించీ చెప్పింది. దాని స్థానంలో 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్‌లోనూ గాలి, వేడి, తేమ యజమాని బాధ్యతే.

కనుక మిత్రులారా, మనం అడిగేది దయ కాదు, లెక్క. ప్రతి షిఫ్టులో తడి బల్బు అంకె అందరికీ కనబడేలా బోర్డు మీద రాయాలి. చల్లని తాగునీరు, గాలి, విశ్రాంతి ఆ అంకెను బట్టి ఇవ్వాలి. పోతపనికి పోయే పిల్లలకూ ఇదే చెప్పి పంపండి: బట్టీ అంకెతో పాటు నువ్వు నిలబడే చోటి అంకె కూడా అడుగు. ఒక్కడివే కాదు, నలుగురినీ కూడగట్టి అడుగు.