ఇంటనుండియే ఉద్యోగము: యువజనులకును పెద్దలకును విన్నపము



సంఘము వేతనములొసగి చదివించిన మన బిడ్డలు పెక్కుమంది నేడు తమ యింటి గదిలోనే లాప్‌టాపు ముందు కూర్చుండి, దూరదేశపు స్టార్టప్ కంపెనీలలో ఉద్యోగము చేయుచున్నారు. “ఇంటనే యున్నాడు గదా, పని యేమి?” అను మాట పలు గృహములలో వినవచ్చుచున్నది. కావున నట్టి సంస్థలలో పని యెట్లు నడచునో మనవిచేయ నెంచితిమి.

ఇందుకొక నిజమైన సంస్థ చరిత్రమే చాలును. గిట్‌ల్యాబ్ అను సాఫ్టువేరును 2011లో యుక్రెయిన్ దేశపు ఖార్కివ్ నగరమున ద్మిత్రో జపరోజెత్స్ ప్రారంభించెను. హాలండువాసియగు సిడ్ సిబ్రాండీ దానిని వ్యాపారముగా పెంచెను. 2021లో ఆ సంస్థ వాటాలు అమెరికాలోని నాస్‌డాక్ విపణికి వచ్చునాటికి, 60కి పైగా దేశములలోని యుద్యోగులు ఎవరి తావున వారుండియే పనిచేయుచుండిరి. ఒకరు నిద్రించువేళ మఱియొకరు మేల్కొందురు. అందుచే నోటిమాట చాలదు. నియమములన్నియు నొక హ్యాండ్‌బుక్కుగా వ్రాసి లోకమెల్ల చదువునట్లు ప్రకటించిరి.

అయినను వేగమునకు మూల్యము గలదు. 2017 జనవరి 31వ తేదీ రాత్రి ప్రొద్దుపోయినవేళ నొక ఇంజనీరు చిక్కు సరిచేయబోయి, ఒక సర్వరుకు బదులు మఱియొక సర్వరులోని ప్రధాన డేటాబేసును తుడిచివేసెను. ఆపునప్పటికి సుమారు 300 గిగాబైట్లలో నాలుగున్నర మాత్రమే మిగిలెను. బ్యాకప్పులు చూడగా నమ్మదగినది యొక్కటియు లేదు. అవి విఫలమైనవని తెలుపు ఈమెయిళ్లును చేరవలసినవారికి చేరలేదు. ఆ యింజనీరే ఆఱు గంటల క్రిందట వేఱొక పనికై తీసియుంచిన ప్రతియే దిక్కయ్యెను. సేవ తిరిగి నడచుటకు సుమారు 18 గంటలు పట్టెను.

ఆ సంస్థ దీనిని దాచలేదు. సరిచేయు తీరును యూట్యూబులో ప్రత్యక్షముగా చూపెను. బ్యాకప్పులను పరీక్షించు భారము నెవరికిని అప్పగింపకుండుటయే లోపమని వ్రాసి ప్రకటించెను. ఆ యుద్యోగిని తొలగింపలేదు. మొగములు చూడనివారి నడుమ నమ్మకము నిలుచుట కిదియే మార్గము. తప్పు చెప్పినవానిని శిక్షించినచో తరువాతివాడు దాచును. దాచిన తప్పు అప్పువలె వడ్డీతో పెరుగును.

అన్ని సంస్థలు నిట్లుండవు. అర్ధరాత్రి సందేశమంపి తక్షణమే ప్రత్యుత్తరము కోరునవియు గలవు. అమెరికాకు పగలైనప్పుడు మనకు రాత్రి గదా! నిద్రకు విలువ కట్టని యుద్యోగము ఎంత జీతమిచ్చినను నష్టమే.

కావున, యువజనులారా! చేరకమునుపే పనివేళలు, సెలవులు వ్రాతమూలముగా నడిగి తెలిసికొనుడు. నలుగురికి అర్థమగునట్లు వ్రాయ నేర్వుడు. పొరపాటు జరిగిన క్షణముననే చెప్పుడు.

పెద్దలారా! తలుపు మూసిన గదియు కచేరియే యని యెంచుడు. రాత్రియెల్ల పనిచేసిన కోడలిని తెల్లవాఱగనే వంటింటికి పిలువకుడు. కుమారునకు దొరకు మన్నన ఆమెకును దొరకవలెను.

పోషక మహాశయులారా! ఇంట ప్రత్యేకముగా గది లేని బీదబిడ్డలకొఱకు మన వసతిగృహమున నొక నిశ్శబ్దపు గదియు, తెగని ఇంటర్నెట్టును, కరెంటు పోయినపుడు ఇన్వర్టరును ఏర్పఱుపుడు. ఒక గదితో పలు కుటుంబములు నిలుచును. దీనిని మహాసభవారు తీర్మానముగా స్వీకరింపవలెనని ప్రార్థించుచున్నాము.