ఆటుపోట్ల నడుమ ఒక జాతీయ పార్కు



సముద్రతీరం అనగానే మెత్తని ఇసుక, ఎగసిపడే కెరటాలు మనకు గుర్తుకు వస్తాయి. గుజరాత్‌లో జామ్‌నగర్ వైపు కచ్ సింధుశాఖ తీరం అలా ఉండదు. గరుకైన రాతి పలకలు, బురద నేలలు, మడ చెట్లు, పగడపు దిబ్బలు ఇక్కడి దృశ్యం. 1982లో మన దేశంలో మొట్టమొదటి సముద్ర జాతీయ పార్కు ఇక్కడే ఏర్పడింది.

ఈ తీరానికి ఒక ప్రత్యేకత ఉంది. పగడాలను చూడాలంటే సాధారణంగా నీటిలో మునగాలి. నరారా వద్ద మాత్రం ఆటు సమయంలో సముద్రం చాలా దూరం వెనక్కి పోతుంది. అప్పుడు మీరు నడిచి వెళ్లి గుంటల్లో మిగిలిన నీటిలోకి తొంగి చూడవచ్చు. రాతి సందులో ఆక్టోపస్, పువ్వులా విచ్చుకున్న ఎనిమోన్, భయపడితే బంతిలా ఉబ్బే పఫర్ చేప, రంగురంగుల పీతలు కనిపిస్తాయి. చలికాలంలో వలస పక్షులు బురదలో మేత వెతుక్కుంటాయి. ఇంచుమించు ఆరు గంటలకు మళ్లీ పోటు నిండుతుంది. ఆ లోగానే మనం ఒడ్డుకు చేరాలి.

పగడం రాయి కాదు, మొక్క కాదు. పాలిప్ అనే చిన్న జంతువులు సున్నంతో కట్టుకున్న ఇల్లు అది. పాలిప్ శరీరంలో నివసించే సూక్ష్మమైన శైవలాలు సూర్యరశ్మితో ఆహారం తయారుచేసి దానికి కూడా పంచుతాయి. నీటిలో బురద ఎక్కువైతే వెలుతురు అందదు. నీరు మరీ వేడెక్కితే శైవలాలు వెళ్లిపోయి పగడం తెల్లబడుతుంది.

మరి ఆ బురదను ఆపేది ఎవరు? ఒడ్డున ఉన్న మడ చెట్లు. వాటి వేళ్లు ఒండ్రును పట్టి ఉంచుతాయి. వంటచెరకు కోసం, పశువుల మేత కోసం మడను నరికితే నష్టం ఒడ్డుతో ఆగదు, దిబ్బల దాకా వెళుతుంది. ఒకప్పుడు సిమెంటు తయారీకి ఇక్కడి పగడపు ఇసుకను కూడా తవ్వేవారు. నేటికీ ఓడరేవులు, చమురు పైపులైన్లు ఈ తీరానికి ఇరుగుపొరుగుగానే ఉన్నాయి.

అయినా పరిస్థితి ఆశాజనకంగానే ఉంది. గుజరాత్ మొత్తం మీద మడ అడవుల విస్తీర్ణం 1987లో 427 చదరపు కిలోమీటర్లు. నాటడం, కాపాడటం వల్ల 2021 నివేదిక నాటికి అది 1,175కు పెరిగింది. 2020లో మిఠాపూర్ వద్ద జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా శాస్త్రజ్ఞులు, రాష్ట్ర అటవీశాఖ కలిసి సముద్రం అడుగున ఉక్కు చట్రాలు అమర్చారు. వాటిలో స్వల్పంగా విద్యుత్తు ప్రవహిస్తే నీటిలోని ఖనిజాలు సున్నపు పొరగా పేరుకుంటాయి. దానిపై పగడపు ముక్కలు త్వరగా పెరుగుతాయని వారి ఆశ. చాలా పగడాలు ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లే పెరుగుతాయి కనుక ఫలితం కోసం ఓపిక పట్టాలి.

మీరు ఎప్పుడైనా ఇలాంటి రాతితీరానికి వెళితే పగడంపై కాలు మోపకండి. ఏదైనా రాయిని తిప్పి చూస్తే దాన్ని మళ్లీ యథాస్థానంలో బోర్లించండి. దాని నీడలో తడిగా బతికే ప్రాణులు ఎండలో కొద్దిసేపట్లోనే చనిపోతాయి. చట్టం చేసే రక్షణ ఒక ఎత్తు, మన చేయి చేసే రక్షణ మరొక ఎత్తు.