గింజ తెచ్చినవాడి వాటా



ఎవరి పేరిట ఇవాళ ఇక్కడ కూర్చున్నామో ఆ పెద్దాయన వేదికలెక్కి మాట్లాడిన మనిషి కారు. కాటా దగ్గర నిలబడిన మనిషి. సంఘం గోదాములో బస్తా తూకం అయ్యేదాకా ఆయన కళ్ళు ముల్లు మీద నుంచి కదిలేవి కావని ఈ ఊళ్ళో అందరూ చెబుతారు. ఆయన్ని తలచుకునే రోజున, భూగోళానికి అవతలి పక్కన అలాగే కాటా దగ్గర నిలబడి, అక్కణ్ణుంచి మొదలుపెట్టి చాలా దూరం నడిచిన ఒక గోధుమ రైతు గురించి చెప్పాలనిపించింది. ఆయన పేరు ఎడ్వర్డ్ అలెగ్జాండర్ పార్ట్రిడ్జ్. ఊరు కెనడాలో సాస్కచ్వాన్ రాష్ట్రంలోని సింటలూటా. ఆ రాష్ట్రం మనకు మరీ పరాయిది కాదు. కెనడా నుంచి మన దేశానికి దిగుమతయ్యే మసూరుపప్పు చాలావరకు పండేది అక్కడే.

పార్ట్రిడ్జ్ ఒంటారియోలో బారీ దగ్గర పుట్టాడు. 1883లో పడమటికి వచ్చాడు. అప్పటికి కెనడియన్ పసిఫిక్ రైలు మార్గం ప్రెయిరీ మైదానాన్ని చీల్చుకుంటూ సాగుతోంది. పది డాలర్ల రుసుము కట్టి, దున్ని, ఇల్లు కట్టుకొని కాపురముంటే 160 ఎకరాలు ప్రభుత్వం రాసిచ్చేది. చెట్టూ పుట్టా లేని బీడు. చలికాలం ఆరు నెలలు. పార్ట్రిడ్జ్ కొంతకాలం బడిపంతులుగా పనిచేశాడు, సేద్యం చేశాడు, పుస్తకాలు చదివాడు. ఆయన ఇష్టంగా చదివిన రచయితల్లో జాన్ రస్కిన్ ఒకడు. గాంధీగారు 1904లో దక్షిణాఫ్రికా రైల్లో చదివి జీవితం మార్చుకున్నది ఈ రస్కిన్ పుస్తకమే. ఒకే రచయిత ఇద్దరు వేర్వేరు మనుషుల్ని పొలం వైపు, శ్రమ వైపు తిప్పాడు.

ఇక అసలు సంగతి. ప్రెయిరీ రైతు పండించిన గోధుమ విన్నిపెగ్ మీదుగా మహా సరస్సుల రేవులకు, అక్కడి నుంచి లివర్‌పూల్‌కు వెళ్ళాలి. రైలు స్టేషను పక్కనే ఎలివేటర్ ఉండేది. ఎలివేటర్ అంటే నిలువుగా కట్టిన చెక్క గరిసె అనుకోండి. బండిలో తెచ్చిన ధాన్యాన్ని పైకెత్తి నింపి, అక్కడి నుంచి జారుడు గొట్టంలో రైలు పెట్టెలోకి వదులుతారు. 25,000 బుషెళ్ళు పట్టే ఎలివేటర్ కట్టిన కంపెనీకే ఆ స్టేషనులో ధాన్యం ఎక్కించే హక్కు రైలు కంపెనీ ఇచ్చేసింది. బుషెల్ గోధుమ అంటే మన లెక్కలో 27 కిలోలు. దాంతో రైతు తన గింజను పారతో తానే పెట్టెలో పోసుకుని పంపుకుంటానన్నా కుదిరేది కాదు.

కాటా ఎలివేటర్ వాడిది. గ్రేడు చెప్పేది వాడే. మట్టి ఉంది, కలుపు గింజ ఉంది అంటూ తరుగు తీసేదీ వాడే. తరుగు అన్న మాట ఈ సభలో ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. మూడో రకమని కొన్న గోధుమను మంచి గోధుమలో కలిపి మొదటి రకంగా అమ్ముకునేవారు. మైళ్ళ దూరం గుర్రబ్బండి తోలుకొచ్చిన రైతు, మంచు పడబోతుంటే, అప్పులవాళ్ళు ఎదురుచూస్తుంటే, బండి వెనక్కి తిప్పుకుపోలేడు. ఇచ్చింది పుచ్చుకుని వెళ్ళాలి.

1900లో మానిటోబా ధాన్య చట్టం వచ్చింది. రైతు తానే సరుకు ఎక్కించుకునే హక్కు కాగితం మీద దొరికింది. 1901లో పంట విరగపండింది. రైలు పెట్టెలు చాలలేదు. ఉన్న పెట్టెలు ఎలివేటర్లకు వెళ్ళాయి, రైతుల ధాన్యం నేల మీద ఉండిపోయింది. ఆ డిసెంబరులో ఇండియన్ హెడ్ అనే ఊళ్ళో మదర్‌వెల్ అనే రైతు, మరికొందరు కలిసి ధాన్య రైతుల సంఘం పెట్టారు. సింటలూటా ఆ పక్క స్టేషనే. మరుసటి ఏడు ఈ సంఘం సింటలూటా రైలు ఏజెంటు మీద దావా వేసింది. పెట్టెలు పేర్లు రాసుకున్న వరుసలో ఇవ్వాలని చట్టం, ఇవ్వలేదన్నది ఆరోపణ. ఏజెంటుకు 50 డాలర్ల జరిమానా పడింది, పైకోర్టులోనూ ఆ తీర్పే నిలిచింది. 50 డాలర్లు రైలు కంపెనీకి లెక్కలోది కాదు. కానీ ఆ రోజు నుంచి ప్రతి స్టేషనులోనూ ఏజెంటు పెట్టెల పుస్తకం తెరిచి రైతు పేరు రాయక తప్పలేదు. సంఘమంటే ఏమిటో ఆ ఊరి రైతులకు అర్థమైంది ఉపన్యాసాల వల్ల కాదు, ఈ పుస్తకం వల్ల.

పార్ట్రిడ్జ్‌కు ఇది చాలలేదు. పెట్టె దొరికితే సరా, ధర ఎవరు కడుతున్నారు? 1905 జనవరిలో సింటలూటా రైతులు ఖర్చులు పెట్టుకుని ఆయన్ని విన్నిపెగ్ పంపారు. ధాన్యం ఎక్స్ఛేంజిలో వ్యాపారం ఎలా సాగుతుందో చూసి రమ్మన్నారు. ఆయన దాదాపు నెల ఉన్నాడు. అక్కడ ఆయన్ని ఎవరూ ఆదరించలేదు. తిరిగొచ్చి దానికి కిటికీలు మూసిన ఇల్లని పేరు పెట్టాడు. కిటికీలు తెరవండని అర్జీలు పెట్టుకునే కంటే మనమే లోపలికి పోదామన్నాడు. 1906లో ధాన్య రైతుల ధాన్యం కంపెనీ పుట్టింది. వాటా 25 డాలర్లు. ఒకరికి నాలుగు వాటాలు మించకూడదు. ఎక్స్ఛేంజిలో సభ్యత్వానికి 2,500 డాలర్లు కావాలి. సింటలూటా రైతులు కొందరు సొంత పూచీ మీద బ్యాంకులో అప్పు తెచ్చారు. సెప్టెంబరులో వ్యాపారం మొదలైంది. అధ్యక్షుడు పార్ట్రిడ్జ్.

నెలలు తిరక్కముందే ఎక్స్ఛేంజి ఆ కంపెనీని వెలివేసింది. కారణం దొంగ తూకం కాదు, బాకీ ఎగవేత కాదు. కంపెనీ రైతులకు పంపిన కరపత్రంలో ఒక మాట ఉంది: మిగిలిన లాభాన్ని ఎవరెంత ధాన్యం తెచ్చారో ఆ లెక్కన పంచుతాం. మన పాల సంఘాల్లో ఎవరెన్ని లీటర్లు పోశారో దాన్ని బట్టి బోనసు ఇస్తారు చూడండి, అచ్చంగా అదే. ఎక్స్ఛేంజి నియమం ప్రకారం బుషెల్‌కు ఒక సెంటు కమీషను ప్రతివాడూ తీసుకోవాలి. లాభం గింజ లెక్కన తిరిగిస్తే రైతుకు కమీషన్లో కొంత వాపసు ఇచ్చినట్టే, అది నేరం అన్నారు. ఇతర సభ్యులెవరూ ఈ కంపెనీతో బేరం చేయకూడదన్నారు. రైతుల గోధుమ వస్తూనే ఉంది, కొనేవాడు లేడు, బ్యాంకు అప్పు పెరుగుతోంది.

మిత్రులారా, ఈ తగాదాలో వచ్చిన ప్రశ్న ఒక్కటే. లాభం ఎవరిది? గింజ తెచ్చినవాడిదా, డబ్బు పెట్టినవాడిదా? ఆ కిటికీలు మూసిన ఇంటివాళ్ళకు రైతు వ్యాపారి కావడం అభ్యంతరం కాదు. తమలాంటి వ్యాపారి కాకపోవడమే అభ్యంతరం.

విన్నిపెగ్ ఉన్న మానిటోబా రాష్ట్రపు ప్రధాని రాబ్లిన్ చట్టం మారుస్తానని బెదిరించాక 1907 ఏప్రిల్‌లో కంపెనీని మళ్ళీ లోపలికి రానిచ్చారు. అయితే లాభం గింజ లెక్కన పంచే పద్ధతిని కంపెనీ వదులుకోవలసి వచ్చింది. బతికి బయటపడ్డారు, మొదటి ఏడాదే ఇరవై లక్షల బుషెళ్ళకు పైగా ధాన్యం చేతుల మీదుగా నడిపారు. ఆ రాజీ తప్పని నేననను. మునిగిపోయే కంపెనీతో సిద్ధాంతమూ మునుగుతుంది. కానీ ఏది వదులుకున్నామో గుర్తుంచుకోవాలి. పార్ట్రిడ్జ్ గుర్తుంచుకున్నాడు. చాలామంది మరిచిపోయారు.

ఆ తరవాత ఆయన జీవితం ఒకే దారిలో నడిచింది. మొదలుపెట్టడం, ముందుకు లాగడం, తోటివాళ్ళు ఆగిపోతే బయటికి రావడం. 1907లో అధ్యక్ష పదవి వదిలి, క్రెరార్ అనే నెమ్మదస్తుడైన యువకుణ్ణి కూర్చోబెట్టాడు. క్రెరార్ ఇరవై ఏళ్ళకు పైగా ఆ కుర్చీలో ఉండి కంపెనీని పెద్దది చేశాడు. 1908 జూన్‌లో రైతుల పత్రిక మొదలైతే తొలి సంచికకు సంపాదకుడు పార్ట్రిడ్జే. విన్నిపెగ్ కార్మికుల పత్రికతో కలిసి నడుపుదామన్నాడు. రైతూ కార్మికుడూ ఒకే కాడి కిందివాళ్ళని ఆయన నమ్మకం. మిగతావాళ్ళు ఒప్పుకోలేదు. ఒక్క సంచికతో సరి, రాజీనామా. ఎలివేటర్లు ప్రభుత్వాలే నడపాలన్న ఆయన పథకాన్ని 1910లో మానిటోబా సగం మనసుతో అమలు చేసి, నష్టపోయి, రెండేళ్ళకే రైతుల కంపెనీకి అద్దెకిచ్చేసింది. సాస్కచ్వాన్ మరో దారి పట్టింది. 1911లో పెట్టిన సహకార ఎలివేటర్ కంపెనీకి ఖర్చులో 85 శాతం ప్రభుత్వం అప్పుగా ఇచ్చింది, మిగతాది రైతులు వేసుకున్నారు. నడిచింది ఇదే. ఇక్కడ పార్ట్రిడ్జ్ లెక్క తప్పిందని ఒప్పుకోవాలి. సర్కారు గోదాములో తన వాటా లేని రైతు దాన్ని తనదనుకోలేదు. 1912లో ఆయన సొంతంగా పెట్టిన మరో ధాన్యం కంపెనీ ఎక్కువకాలం నిలవలేదు. వ్యాపారం ఆయనకు చేతకాని విద్య.

ఇంటి సంగతి తక్కువ మాటల్లో చెబుతాను. కోతల్లో యంత్ర ప్రమాదంలో ఒక కాలు పోయింది. ఒక కూతురు నీళ్ళలో మునిగి చనిపోయింది. ఇద్దరు కొడుకులూ మొదటి ప్రపంచయుద్ధంలో పోయారు. తరవాత భార్య పోయింది. అంత దుఃఖం మీద పడ్డాక ఆయన కూర్చుని రాసింది ఆత్మకథ కాదు, పేదరికం మీద యుద్ధం అన్న అర్థం వచ్చే పేరుతో పెద్ద పుస్తకం. విన్నిపెగ్‌లో అచ్చయింది. బ్రిటిష్ కొలంబియా నుంచి పడమటి ఒంటారియో దాకా ఉన్న ప్రాంతాలు కలిసి, లాభం కోసం కాక అవసరం కోసం పండించే సహకార రాజ్యం కావాలని అందులో కలగన్నాడు. ఆ రాష్ట్రాల పేర్ల మొదటి అక్షరాలు కలిపి ఆ రాజ్యానికి కోల్సమావో అని పేరు కూడా పెట్టాడు.

ఆ కలలో ఒక లోటు ఉంది, దాన్ని దాచి ఈ కథ చెప్పలేను. సింటలూటా అన్నది అక్కడి ఆదివాసుల మాట. ఎర్రనక్క తోక అని అర్థం. ఆ నేల 1874 నాటి నాలుగో ఒప్పందం కింద వాళ్ళ చేతి నుంచి జారింది. రిజర్వుల్లో సేద్యానికి దిగిన ఆదివాసీ రైతులు పండించిన ధాన్యం అమ్ముకోవాలంటే ప్రభుత్వ ఏజెంటు పర్మిట్ కావలసి వచ్చేది. తెల్ల రైతుకు ఎలివేటర్ వాడితో వచ్చిన చిక్కు కంటే ఇది ఎంతో పెద్ద చిక్కు. పొరుగునే ఉన్న ఈ రైతు పేరు ధాన్య రైతుల సంఘం పుస్తకంలోకి రాలేదు.

గింజ లెక్కన లాభం అన్న ఆలోచన మాత్రం చావలేదు. 1923లో కాలిఫోర్నియా నుంచి సపీరో అనే న్యాయవాది వచ్చి ఊరూరా సభలు పెట్టాడు. 1923, 24ల్లో మూడు ప్రెయిరీ రాష్ట్రాల్లోనూ గోధుమ పూల్‌లు ఏర్పడ్డాయి. చేరిన రైతులంతా ఐదేళ్ళకు ఒప్పందం రాసి పంట మొత్తం పూల్‌కే ఇస్తారు. ముందు కొంత డబ్బు, అమ్మకాలయ్యాక మిగతాది, బుషెల్ లెక్కన. 1906లో నేరమన్న పద్ధతే 1924కు సాస్కచ్వాన్‌లో సగానికి పైగా గోధుమ పొలాల రాత అయింది. అక్కడి ఐక్య రైతు సంఘం పార్ట్రిడ్జ్‌ను గౌరవాధ్యక్షుణ్ణి చేసుకుంది. 1929లో ధరలు కూలి పూల్‌లు దివాలా అంచుకు వచ్చినప్పుడు ప్రభుత్వాల హామీ మీదే నిలబడ్డాయి. సహకారం ఒక్కటే చాలదు, చట్టసభలో మనవాడు ఉండాలన్న ఆయన పాత వాదన రైతులకు అప్పుడు నాటింది.

దాని ఫలితం ఆయన చూడలేదు. 1931 ఆగస్టులో విక్టోరియా నగరంలో ఒంటరిగా చనిపోయాడు. సరిగ్గా ఏడాదికి, 1932 ఆగస్టులో, కాల్గరీలో రైతులూ కార్మికులూ కలిసి ఒక పార్టీ పెట్టారు. దాని పేరులోనే సహకార రాజ్యం ఉంది. 1933లో రెజైనాలో ప్రణాళిక రాసుకున్నారు. 1944లో టామీ డగ్లస్ నాయకత్వాన సాస్కచ్వాన్‌లో 52 స్థానాల్లో 47 గెలిచి, ఉత్తర అమెరికాలో మొదటి సోషలిస్టు ప్రభుత్వాన్ని నిలిపారు. 1962 జులైలో డాక్టర్లు 23 రోజులు సమ్మె చేసినా వెనక్కి తగ్గకుండా అందరికీ ప్రభుత్వ వైద్య బీమా తెచ్చారు. ఇవాళ కెనడా అంతటా ఉన్నది దాని నుంచి పెరిగిందే. పెట్టెల పుస్తకంలో పేరు రాయించుకోవడంతో మొదలైన దారి ఆసుపత్రి దాకా వచ్చింది.

ఇంకో దారీ ఉంది, అది కూడా వినాలి. సాస్కచ్వాన్ గోధుమ పూల్ 1996లో తన వాటాల్ని టొరంటో స్టాక్ మార్కెట్లో పెట్టింది. పెద్ద పెట్టుబడి కావాలన్నారు. గింజ తెచ్చినవాడి వాటా డబ్బు పెట్టినవాడి చేతికి మళ్ళీ వెళ్ళింది. 2007లో ఆ పూల్, క్రెరార్ పెంచిన పాత కంపెనీ వారసత్వాన్ని కూడా కలుపుకొని విటెర్రా అయింది. 2012లో దాన్ని స్విట్జర్లాండ్ నుంచి నడిచే గ్లెన్‌కోర్ కొనేసింది. 2025లో అది బంగీ అనే అంతర్జాతీయ ధాన్యం వ్యాపార సంస్థలో కలిసిపోయింది. 1906లో ఎక్స్ఛేంజి వెలివేసి సాధించలేనిది తొంభై ఏళ్ళకు సభ్యులే ఒప్పుకుంటే జరిగిపోయింది.

ఈ నెలాఖరుకు మన సంఘం మహాజన సభ ఉంది. నోటీసు గోదాము తలుపుకు అంటించారు. పోయినసారి కోరానికి కూడా మనుషులు సరిపోలేదని విన్నాను. ఈసారి అందరూ రండి. లాభనష్టాల లెక్క చదివేటప్పుడు లేచి నిలబడి, మిగులు ఎంత, అది ఏ లెక్కన పంచుతున్నారు అని అడగండి. జవాబు వచ్చేదాకా కూర్చోకండి.